జమున ‘మీరు’ అంది

“ముబీనా గారూ, ఇన్నేండ్లు మీరు నాతో ముచ్చట పెట్టిండ్రు. మన పాడ్‌కాస్ట్‌ల గిదే ఆఖరి ఎపిసోడ్,” అంది జమున, చెన్నూరు నుంచి ఫోన్‌లో.

కరీంనగర్‌లో రికార్డు చేస్తున్న ముబీనాకు నవ్వొచ్చింది, అంతలోనే ఆగిపోయింది. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్ననాటి నుంచి జమున తనను ఏనాడూ ‘మీరు’ అనలేదు.

“బంద్ చేసుడేందే? మీ ఆయన దుబాయి నుంచి వచ్చిండని ఖుషీగ ఉంటివి కదా?”

“ఆయన మంచిగనే చూసుకుంటుండు. మీరు పరేషాన్ కాకుండ్రి.”

“ఇగ చాలు, పెట్టెయ్,” అని జమున వెనక నుంచి ఒక మగగొంతు వినిపించింది.

అవతల అడుగులు దూరమై, తలుపు మూసిన చప్పుడైంది.

“జమునా, నేను ఇప్పుడే బస్సెక్కుతున్న,” అంది ముబీనా గొంతు తగ్గించి.

జమున గుసగుసగా అంది.

“ఒక్కదానివే రాకు.”