వలకు అవతల

బంతి వల మీదుగా వచ్చి కాళ్ల దగ్గర పడినా లూషియస్ చేతులెత్తలేదు. అవతల నిలబడి కొట్టింది ఈఫ్రెయిమ్.

కిందటి చలికాలం హోల్యోక్ పట్టణంలోని ఈ వ్యాయామశాలలోనే కుర్రాళ్లు బాస్కెట్‌బాల్ ఆడారు. ఈఫ్రెయిమ్ కొడుకు ఏసా గుద్దుకోవడంతో పడిపోయిన లూషియస్ కొడుకు ఆల్డెన్ మళ్లీ లేవలేదు.

"నేనుంటే ఆడవా? పోనీ, వెళ్లిపోతాలే," అన్నాడు ఈఫ్రెయిమ్.

"మీవాడేం చేస్తున్నాడు? హాయిగా గంతులేస్తున్నాడా?"

"గది దాటి రావడం లేదయ్యా. రొట్టె ముక్క గొంతు దిగడం లేదు. 'నా భుజమే తగిలింది నాన్నా' అంటూ ఆ భుజాన్ని గోడకేసి కొట్టుకుంటాడు."

లూషియస్ వంగి కాళ్ల దగ్గరున్న బంతిని తీసుకున్నాడు. అంత్యక్రియలనాడు గుమ్మంలోకి వచ్చి ఏడ్చిన ఏసాను నా కళ్లబడొద్దని తరిమింది తనే.

"రేపు వాణ్ణి తీసుకురా," అన్నాడు చివరికి.

"రాడు. మనిషి పక్కన నిలబడాలంటేనే వణికిపోతున్నాడు."

"ఈ వాలీబాల్ మనలాంటి వయసు మళ్లినవాళ్ల కోసం కొత్తగా కనిపెట్టిన ఆట. మధ్యన వల ఉంటుంది, అవతలివాడు వచ్చి గుద్దుకోడు. అయినా వాణ్ణి నా వైపే నిలబడమను."

"నీ వైపా?"

"మా ఇంట్లో ఆల్డెన్ పేరెత్తడానికి అందరికీ భయం. మీ ఏసాతోనైనా కాసేపు వాడి గురించి మాట్లాడుకుంటాను."