కొత్త ఎత్తు

గుట్ట కింద చిట్టడవిలో, బొరియలో కళ్లు తెరవని పిల్లలున్న ముంగిస ఒకటి కాపలా పని పెట్టుకుంది. నేలమీద గూడు కట్టుకునే పిట్టలను పాముల నుంచి కాస్తే గూటికి రోజుకో మిడత కూలి. పనిలో వంక లేదు, పిలిచేవాళ్లే లేరు.

తోక చీలిన నల్లపిట్ట పోలిగాడు కొమ్మమీద వాలాడు. "నీ గురించి నలుగురికీ నేను చెబుతానక్కా. నా మాటమీద వచ్చే ప్రతి గూటికీ నాకో మిడత ఇవ్వు."

ముంగిస సరేనంది.

ఎంత పొగిడినా ఒక్క కౌజుపిట్టే వచ్చింది. దాంతో పోలిగాడు తెల్లారగానే "పాము, పాము" అని కేకలు మొదలుపెట్టాడు. పిట్టలు హడలిపోయి ముంగిస దగ్గరికి పరుగెత్తాయి. కొన్నాళ్లకే చిట్టడవంతా దాని కాపలాలోకి వచ్చింది.

"నిజంగా పాము కనబడుతోందా?" అని ముంగిస ఓసారి అడిగింది.

"నీకు పాము కావాలా, బేరం కావాలా?" అన్నాడు పోలిగాడు.

ముంగిస మళ్లీ అడగలేదు.

ఒక మధ్యాహ్నం అది కౌజుపిట్ట గూటి దగ్గర ఉండగా కేక వినబడింది.

"అక్కా, పాము నీ బొరియలోకే పోతోంది. పిల్లలున్నాయి, పరుగెత్తు."

కౌజుపిట్ట గూట్లోంచి లేచి నిలబడింది. "మీ ఇంట్లోకే అంటున్నాడక్కా."

"ముంగిస ఇంటికే పామొచ్చిందంటే ఎవరికి భయం వేయదు? కొత్త ఎత్తు వేశాడు," అని ముంగిస తాపీగా మిడత నోట్లో వేసుకుంది.

పోలిగాడు గొంతు చించుకుంటూనే ఉన్నాడు. చిట్టడవిలో పిట్టలన్నీ కొమ్మలెక్కేశాయి. ఆ కేకను నమ్మనిది ముంగిస ఒక్కటే.