గళ్ళ కండువా

"బ్రదర్, ముందు వరసలో ఎవరో కండువా వేసుకుని కూర్చున్నాడు."

రత్నకుమార్ తెర వెనక్కి పరుగెత్తుకొచ్చి చెప్పిన మాటకి, దేవదూత పాపకి అట్టరెక్కలు కడుతున్న బాలశౌరి చేతులు ఆగిపోయాయి.

"ఏం కండువా?"

"నలుపూ తెలుపూ గళ్ళు. టీవీలో ఊరేగింపుల్లో కనిపిస్తుంది చూడండి, పాలస్తీనా వాళ్ళది. అదే."



మామూలుగానే బాలశౌరి కంగారు మనిషి. పైగా వాటర్‌ఫోర్డ్ తెలుగు ఫెలోషిప్‌కి, అంటే ఈ పరాయి దేశపు ఊళ్ళో తెలుగు క్రైస్తవుల ప్రార్థన బృందానికి, పెద్ద. మూడేళ్ళపాటు ఇళ్ళల్లో, పక్కింటివాళ్ళు గోడ మీద కొడుతుంటే గొంతులు తగ్గించుకుని పాటలు పాడుకున్నారు. ఈ ఏడే ఇక్కడి చర్చివాళ్ళు తమ హాలు అద్దెకిచ్చారు. లీజు నెలాఖరుకి అయిపోతుంది. మళ్ళీ ఇస్తారో లేదో కబురు లేదు.

చర్చి కమిటీ పెద్దావిడ నోరీన్ ఇవాళ పిల్లల క్రిస్మస్ నాటకం చూడ్డానికి వస్తోంది. పోయిన నెల ఇంకెవరో స్టేజి మీద జెండాలు కట్టారని, మర్నాడే వాళ్ళ బుకింగ్ రద్దు చేసింది ఆవిడే.

బాలశౌరి తెర సందులోంచి చూశాడు. యాభై దాటిన మనిషి. నెరిసిన మీసం. మెడ చుట్టూ గళ్ళ గుడ్డ.

మన ఊళ్ళల్లో కండువా వేసుకుని ముందు వరసలో కూర్చున్నవాడు మైకు అందుకోకుండా ఇంటికెళ్ళిన దాఖలా లేదు. బాలశౌరికి తెలిసిన కండువాలన్నీ పార్టీ కండువాలే.

"పంపించేసి వస్తా."

"ఆయన మానాన ఆయన కూర్చున్నాడు కదండీ. పోనిద్దురూ," అంది భార్య ఫెబి.

"నువ్వుండు. ఈ హాలు పోతే మళ్ళీ మనింట్లోనే గొంతు నొక్కుకుని పాడాలి."

వెళ్ళి ఆ మనిషి పక్కన వంగాడు. మొహానికి నవ్వు పులుముకుని ఇంగ్లీషులో అడిగాడు.

"సార్, ఇది ఏ పార్టీది?"

ఆ మనిషికి ముందు అర్థం కాలేదు. తర్వాత మెడలో గుడ్డ తడుముకుని నవ్వాడు.

"పార్టీయా? మా తాతకి ఇది ఎండకి అడ్డం. మా నాన్న రోజుల్లో జెండా పట్టుకుంటే జైల్లో పెట్టేవాళ్ళు. అప్పుడు ఇదే జెండా అయింది. నాకు ఈ వాటర్‌ఫోర్డ్ చలికి."

జెండా అన్న మాట తప్ప బాలశౌరి చెవికి ఇంకేమీ ఎక్కలేదు.

"ఇక్కడ రాజకీయాలు వద్దు సార్. కాస్త తీసి జేబులో పెట్టుకోండి."

"తీసెయ్యమన్నవాళ్ళని చాలామందిని చూశాను," అన్నాడతను నెమ్మదిగా. "చర్చి హాల్లో మాత్రం ఇదే మొదటిసారి."

అంతలో గొర్రెల కాపరుల వేషాల్లో ఉన్న పిల్లలు తెర పక్కనుంచి తొంగిచూశారు. నెత్తిన గళ్ళ తువ్వాళ్ళు, వాటి మీద బిగించిన తాళ్ళు. వాళ్ళని చూడగానే అతని మొహం విప్పారింది.

"మరి వాళ్ళ తలల మీద ఉన్నదేమిటి?"

"అది వేషం సార్."

"వేషమా?" అన్నాడతను. మళ్ళీ నవ్వలేదు.

బయట కారు ఆగిన చప్పుడైంది. నోరీన్ వచ్చేసినట్టుంది. ఆవిడ లోపలికి అడుగుపెట్టేలోగా ఈ మనిషి బయటికి పోవాలి.

"హాలు నిండిపోయింది సార్. సీట్లన్నీ రిజర్వు. ఏమీ అనుకోకండి."

ఆ మనిషి వెనక్కి తిరిగి చూశాడు. వెనక వరసలన్నీ ఖాళీగా ఉన్నాయి. బాలశౌరి తల దించుకున్నాడు.

"హ్యాపీ క్రిస్మస్," అని చెప్పి అతను లేచాడు. పక్క తలుపు తీసుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

నోరీన్ గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చి ముందు వరస కలయజూసింది. బాలశౌరి ఎదురెళ్ళాడు.

"అంతా గ్రాండ్, నోరీన్. పాలస్తీనా గుడ్డ వేసుకుని ఒకాయన వచ్చాడు. ఇప్పుడే పంపించేశాను. మన హాల్లో రాజకీయాలకి తావు లేదు."

ఆవిడ మెచ్చుకుంటుందని నిలబడ్డాడు.

"ఈసానా? ఈసాని పంపించేశావా?"

"అంటే... పోయిన నెల ఆ జెండాలు..."

"స్టేజి మీద జెండాలు కట్టొద్దన్నాను, బాలా. ప్రతి ఆదివారం ఆయన మా ప్రార్థనకి వేసుకొచ్చే బట్టని ఎప్పుడు వద్దన్నాను?"

బాలశౌరి పక్క తలుపు వైపు చూశాడు.

"మీకు హాలు మళ్ళీ ఇవ్వడం కమిటీలో సగం మందికి ఇష్టం లేదు. 'దూరదేశం నుంచి వచ్చినవాళ్ళు పండగ పూట ఎక్కడికి పోతారు?' అని లేచి అడిగింది ఆయనొక్కడే. దాంతో అందరూ సరేనన్నారు. నాటకం అయ్యాక, హాలు మళ్ళీ ఇస్తున్నామన్న మాట మీకు తనే చెబుతానన్నాడు."

బాలశౌరి పక్క తలుపు తోసుకుని పరుగెత్తాడు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. బస్సు స్టాపులో కూడా ఎవరూ లేరు. అంత సిగ్గు అతను ఎన్నడూ ఎరగడు.

తడిసి ముద్దయి తిరిగొచ్చేసరికి తెర లేచింది. నోరీన్ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోవడానికి అతనికి మనసు రాలేదు.

"ఇంటికెళ్ళి ఎన్నాళ్ళయిందో ఆయన," అంది నోరీన్ స్టేజి వైపే చూస్తూ. "'మా ఊరి నాటకం చూడబోతున్నాను' అని పొద్దుట్నుంచీ ఒకటే సంబరం."

"ఏ ఊరు ఆయనది?"

"బెత్లెహేము, బాలా."