ఖైదీ వంశం

"నా పర్సు! నా ఎర్ర పర్సు ఎవరో కొట్టేశారు!"

గ్లెనిస్ కేకకి టూరు బస్సెక్కుతున్నవాళ్ళంతా ఆగిపోయారు. కంచె అవతల కంగారూలు చెవులు నిక్కించాయి. ఆమె చూపు మాత్రం ఎక్కడా వెతుక్కోకుండా నేరుగా తోటి ప్రయాణికుడు కోరీ మీద వాలింది.

పొద్దున పాత ఖైదీల జైలు చూస్తున్నప్పుడు ఈవిడే అతని చెయ్యి పట్టుకుని చీకటి కొట్లన్నీ తిప్పింది. "మా ముత్తాత ఇక్కడ ఏడేళ్ళు రాళ్ళు కొట్టాడు, తెలుసా! ఇంగ్లండులో గుడ్డల తాను దొంగిలిస్తే, శిక్షగా ఓడెక్కించి ఈ దేశానికి పంపేశారు. ఖైదీ రక్తం నాయనా మాది!" అని మురిసిపోయింది. ఆ మురిపెం చూసే, మధ్యాహ్నం ఈ జంతువుల పార్కులో వాంబాట్ అనే బొద్దు జంతువు బొరియ దగ్గర కూర్చున్నప్పుడు అతను ఉన్నమాట చెప్పేశాడు. "నేనూ పోయిన వారమే జైలు నుంచి వచ్చానండీ. కారు దొంగతనం." ఆ తర్వాత ఆవిడ అతని దరిదాపులకి రాలేదు.

"ఆ కుర్రాణ్ణి అడగండి," అంది గ్లెనిస్. "దొంగనని వాడే చెప్పాడు నాతో!"

"మీ ముత్తాతా దొంగేగా?" అన్నాడు కోరీ.

"ఆయన సంగతి వేరు! ఆయన పోయి నూటయాభై ఏళ్ళయింది!"

ఎవరూ నవ్వలేదు. ఓ పెద్దాయన తన కెమెరా సంచి పొట్టమీదికి లాక్కున్నాడు. డ్రైవరు మెర్వ్ తల గోక్కుని, "కంగారూలకి మేత పెట్టిన చోట పడిందేమో చూసొస్తా. పోలీసుల సంగతి తర్వాత," అంటూ వెళ్ళాడు.

అప్పటికే బస్సెక్కి కూర్చున్న కోరీ తల్లి నోలీన్ కిందికి దిగి, అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

"నోరు జాగ్రత్త! నా కొడుకుని ఇంకొక్క మాటన్నారంటే ఊరుకోను. చేసిన తప్పుకి శిక్ష అనుభవించి వచ్చాడు. వాడు మారాడు. కన్నదాన్ని, నాకు తెలీదూ?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు. నోలీన్ కొడుకుని దగ్గరికి లాక్కుని గట్టిగా పొదువుకుంది.

"వీళ్ళ మాటలు పట్టించుకోకురా. ఎవరేమన్నా నేను నమ్ముతా నిన్ను."

జైలుకి వెళ్ళినప్పట్నుంచి ఈ నాలుగేళ్ళలో అతన్ని ఎవరూ అలా పట్టుకోలేదు. కోరీ ఆమె భుజం మీద తల వాల్చాడు. కళ్ళు మసకబారాయి. ఆ మసకలోనే, దూరంగా కంచె దగ్గర్నుంచి ఎర్ర పర్సు ఊపుకుంటూ వస్తున్న మెర్వ్ కనిపించాడు.

"అమ్మా, దొరికింది..." అనబోయాడు.

అప్పటికే తల్లి కుడిచెయ్యి అతని కోటు మొదటి జేబు వెతికేసి, రెండో జేబులోకి దూరుతోంది.