కొత్తవాళ్ల వరుసలో తిప్పన్న

"పిల్లోన్ని చేర్పించేదానికి వచ్చినారా?" అని అడిగింది నందిని.

"లేదు మేడమ్. నేర్చుకునేది నేనే," అన్నాడు తిప్పన్న.

నందిని అతన్ని ఎగాదిగా చూసింది. యాభైకి దగ్గర పడిన మనిషి. ఆరడుగుల ఎత్తు, గుబురు మీసాలు, ఇస్త్రీ చొక్కాను ముందుకు తోసుకొచ్చిన పొట్ట. కళ్ల కింద నలుపు.

అనంతపురం శివారులో ఒక పాత వేరుశనగ గోడౌన్‌ను బాగుచేయించి ఆమె ఎయిర్ పిస్టల్ నేర్పుతోంది. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా కాయల పొట్టు వాసన ఇంకా పోలేదు. వచ్చేవాళ్లంతా స్కూలు, కాలేజీ పిల్లలే.

"ఈ వయసులో ఎందుకన్నా?"

"రాత్రిళ్లు నిద్ర పట్టడం ల్యా మేడమ్. రెండు నెలలాయ."

మనసు కుదుటపడుతుందని వచ్చేవాళ్లు ఆమెకు కొత్త కాదు. ఇంకేమీ అడగలేదు.

"ఏ పిస్టల్ కొనుక్కోవల్ల?" అన్నాడు తిప్పన్న.

"దాని సంగతి తర్వాత. కొన్నాళ్లు ఈడ ఉండేదే వాడండి. ముందు కళ్లు చూపించుకోండి. పిస్టల్ కొసన ఈ చిన్న దిమ్మె ఉండాదే, అది స్పష్టంగా కనపడల్ల. ఎదురుగా ఉండే గురి అట్ట మసకగా ఉన్నా పర్వాలేదు. ఆ తర్వాత బూట్లు. మడమ ఎత్తు ఉండకూడదు, అడుగు చదునుగా ఉండల్ల."

ఒక్కో పిస్టల్ తీసి అతని చేతిలో పెట్టి చూసింది. ఆ అరచేతికి అన్ని పిడులూ ఇరుకే. చివరికి ఒక కర్రపిడిని ఆకురాయితో అరగదీసి సరిపెట్టింది.

మర్నాడే తిప్పన్న కళ్లద్దాలు చేయించుకున్నాడు. పాఠం అయి గోడౌన్ గుమ్మం దాటగానే తీసి జేబులో పెట్టేసుకునేవాడు.

"ఎప్పుడూ పెట్టుకోండన్నా."

"పనిలో బాగుండదు మేడమ్. మా అన్న ఒప్పుకోడు."

పాఠం మధ్యలో ఫోన్ మోగేది. తిప్పన్న పిస్టల్ కింద పెట్టి, "వస్తాండానన్నా" అంటూ పరుగెత్తేవాడు. బయట తెల్ల కారు నిలబడి ఉండేది.

"డ్రైవర్ ఉద్యోగమంటే అంతేలే. వేళాపాళా ఉండదు," అంది నందిని ఒకసారి.

తిప్పన్న చొక్కా సర్దుకుని కారు వైపు నడిచాడు.

కంబదూరు దగ్గర అతనికి చేను ఉంది. వరసగా వానలు ఎగ్గొట్టాక దాన్ని బీడు పెట్టి ఈ పనిలో చేరాడు. ఆ ఎత్తూ ఆ మీసాలూ చూసే పెట్టుకున్నారు. పదహారేళ్లుగా చేసిందల్లా కారు తలుపులు తీయడం, ఎండలో గొడుగు పట్టడం, పెళ్లిళ్లలో అందరి భోజనాలూ అయ్యేదాకా గోడవారన నిలబడటం. ఇంటికి చేరేసరికి పాదాలు పొంగి ఉండేవి.

"ఇడ్సిపెట్టు ఆ పని. ఉండేదేందో తిని పడుందాం," అనేది భార్య చౌడమ్మ, కాళ్లకు నూనె రాస్తూ.

"ఇంగే పని వస్తాది నాకు?" అనేవాడు తిప్పన్న.

పిస్టల్ పేల్చడం కూడా రాలేదు. చెయ్యి చాపి నిలబడితే దాని కొస ఒక్క చోట నిలిచేది కాదు.

"ట్రిగ్గర్ నొక్కాలన్నా, గుంజకూడదు," అని నందిని రోజూ చెప్పేది. రోజూ అతను గుంజేవాడు. గుండ్లు అట్ట అంచులకు తగిలేవి. పక్కన నిలబడే ఇంటర్ పిల్ల త్రివేణి మాత్రం నల్లమచ్చ నడిమికి కొట్టి, తనలో తనే ఏదో పాట పాడుకునేది.

కొత్తవాళ్లకు పోటీ పెడుతున్నామని నందిని చెప్పిన రోజు తిప్పన్న ముందుకొచ్చాడు.

"నా పేరు కూడా రాయండి మేడమ్."

"అప్పుడేనా? ఇంకా కొన్నాళ్లు పోనీయండన్నా."

"లేదు మేడమ్. పదిమంది చూస్తాంటే, టైం అయిపోతాంటే, నా చెయ్యి ఏం చేస్తాదో నాకు తెలియల్ల."

పోటీ ఆదివారం పొద్దున జరిగింది. ఆషాఢం గాలికి గోడౌన్ రేకులు దడదడలాడుతున్నాయి. సందుల్లోంచి ఎర్రదుమ్ము లోపలికి వస్తోంది. వరసలో తిప్పన్న ఒక్కడే పెద్దవాడు. పిల్లల తల్లిదండ్రులు వెనక కుర్చీల్లో కూర్చున్నారు. ఆ చూపులన్నీ వీపుకు గుచ్చుకుంటున్నట్టు అనిపించింది. చెమటకు అద్దాలు మసకబారాయి.

చెయ్యెత్తాడు. గుంజాడు.

అతని అట్ట మీద చిల్లు పడలేదు.

"మేడమ్, నేను ఒకటే కొట్టినాను. నా అట్టకు రెండు చిల్లులుండాయి," అంది త్రివేణి.

పిల్లలు ఫక్కున నవ్వారు. ఆ తర్వాత తిప్పన్న చెయ్యి పైకి లేవలేదు. లేపబోతే భుజం దగ్గరే బిగుసుకుపోయింది. టైం అయిపోయిందని నందిని చెప్పేసరికి గుండ్లు చాలా భాగం డబ్బీలోనే ఉన్నాయి.

అందరూ వెళ్లాక నందిని మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"నిజం చెప్పమంటారా? ఇది మీకు వచ్చే విద్య కాదన్నా. కానీ బాధపడాల్సిన పని లేదు. ఆటే కదా! గురి తప్పినంత మాత్రాన ఎవరి ప్రాణమూ పోదు."

తిప్పన్న తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

బయట హారన్ మోగింది.

అద్దాలు తీసి జేబులో వేసుకుని బయటికి నడిచాడు. వెనక సీటు అద్దం కిందికి దిగింది. లోపల తెల్లబట్టల పెద్దాయన.

"ఏమప్పా, ఆదివారం కూడా ఈడేం చేస్తాండావు?"

"ఊరికేనన్నా. తెలిసినోళ్లుంటే."

"ఎక్కు ఎక్కు. నువ్వు లేకుంటే నాకు బయటికి రాబుద్దే కాదు."

తిప్పన్న డ్రైవర్ పక్కన కూర్చుని డ్యాష్‌బోర్డు తెరిచి, తనకు నిద్ర దూరమైన నాటి నుంచి చంపుతామని ఫోన్లు వస్తున్న పెద్దాయనకు గన్‌మన్‌గా తాను పదహారేళ్లలో ఒక్కసారీ పేల్చని తుపాకీని తీసి నడుముకు దోపుకున్నాడు.