చేను మన్ను

"అత్తమ్మా, అన్నీ సచ్చిపోయినయ్!"

పెర్కిట్‌లోని ఇంటి మిద్దెమీద నుంచి కోడలు అంకిత అరుపు విని గంగాబాయి, హనుమాన్లు గబగబా మెట్లెక్కారు. ఆకుకూరల కోసం మన్ను నింపిన టబ్బుల చుట్టూ వానపాములు ఎండి నారపోగుల్లా పడి ఉన్నాయి.

"నిన్న మాపటికి టబ్బులల్ల ఇడిసిన. ఒక్కటి గూడ మన్నుల ఉండలే," అంది అంకిత, ఆరో నెల కడుపు మీద చెయ్యి వేసుకుని.

"కొన్న పాములు గట్లనే ఉంటయ్," అన్నాడు హనుమాన్లు. "మన్నును మాత్రం అనకు బిడ్డా. నందిపేట్ల మన పసుపు చేనుది. బంగారం."

"దాంట్ల మందులేం కలువలేదు గదా మామా? మందుల్లేని కూర తినాల్ననే గదా గీ తోట."

"దుంప కుళ్లకుండ గుళికలు చల్లుతం. అందరు చల్లేదే. మా నాయిన కాలం సంది చల్లుతనే ఉన్నం."

గంగాబాయి వంగి పిడికెడు మన్ను తీసింది. అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వేవిళ్లల్ల నేను గిదే తిన్న," అంది. "తడిమన్ను వాసనకు పానం ఆగకపోతుండె. కొంగుల కట్టుకొచ్చుకోని మరీ తింటుంటి."

హనుమాన్లు తల వంచుకున్నాడు. గంగాబాయికి మొదటి ఇద్దరూ కడుపులోనే పోయారు. మూడోసారి నెల తప్పగానే ఆమెను చేనుకు దూరంగా తల్లిగారింటికి పంపితే అంకిత భర్త ఆశిష్ బతికాడు. అదంతా పోచమ్మ కోపమూ దయా అనుకుని ఇప్పటికీ ఏటా కోడిని కోస్తున్నారు.

గంగాబాయి పిడికిలి విప్పింది. మన్ను వానపాముల మీద రాలింది.

"ఇవి బయటికన్న వచ్చినయ్," అంది. "కడుపుల ఉన్న పిల్లలు యాడికి పోతరు?"