డబ్బాలో పడ్డ ట్యాంకరు

“ట్యాంకరు రోజూ వస్తోందంటే వస్తోందంతే! నేనేమన్నా తాగి మాట్లాడుతున్నానా?”

నీళ్ల ఆఫీసరు అరుపుకి హాలు గోడ మీద ఫొటోలు రెపరెపలాడాయి. పిల్లలు తీసిన ఫొటోలు చూసి, చప్పట్లు కొట్టి పోదామని ముఖ్య అతిథిగా వచ్చాడాయన. వాడలోని ఆడవాళ్లు ఖాళీ బిందెలతో గుమ్మానికి అడ్డం పడతారని అనుకోలేదు.

“తాగడానికి మాకు నీళ్లుంటే కదా సార్!” ఒకామె బిందె నేలకేసి కొట్టింది. “ఎండలు మొదలైనప్పట్నించీ చుక్క లేదు. మా ఆశల మీద మాత్రం రోజూ నీళ్లు చల్లుతున్నారు. ఆ నీళ్లేవో బిందెలో పొయ్యండి!”

ఆఫీసరు నీళ్లు నమిలాడు. ఆ హాల్లో నీళ్లు దొరికింది ఆయన నోటికొక్కదానికే.

మాట తప్పించడానికి గోడవైపు తిరిగాడు. పాలపొడి డబ్బాకి గుండుసూదితో బెజ్జం పెట్టి, లోపల ఫొటో కాగితం అంటించి, వాడ పిల్లలు తీసిన ఫొటోలవి. తెల్లది నల్లగా, నల్లది తెల్లగా, ఎవరి ఇల్లు వాళ్లే పోల్చుకోలేనట్టు ఉన్నాయి. పైన ‘మేం చూసింది’ అని బోర్డు.

“ఫొటోల్లో ఒక్క మనిషీ లేడేం?”

“పూటంతా ఉంచితేగానీ బొమ్మ పడదు సార్,” అన్నాడు ఫొటో మాస్టారు. “కదిలేవి కనబడవు. కదలకుండా నిలబడ్డవే పడతాయి.”

చివరి ఫొటో దగ్గర ఆఫీసరు ఆగిపోయాడు. గోడ మీంచి పీకి, తలకిందులుగా పట్టుకుని, మళ్లీ సరిచేసుకున్నాడు. సొంత డబ్బా కొట్టుకునే మనిషికి పిల్లల డబ్బా తోడు దొరికింది.

“ఇదిగో ట్యాంకరు! చక్రాలతో సహా! అంటే పూటంతా నిలబడిందన్నమాట. ఏం మాస్టారూ, మీరేగా అన్నారు? ఎవరు తీశారిది?”

“నేను సార్.”

సన్నగా ఉంటుందనీ, మాట గుచ్చుతుందనీ అందరూ గుండుసూది అని పిలిచే పిల్ల ముందుకొచ్చింది. తల్లి వెనకనుంచి రెక్క పట్టుకుని లాగింది.

“నోర్మూసుకుని రావే. నాలుగిళ్ల పని ఉంది నాకు. అదీ ఊడితే తినేదేంటి?”

“ఉండనివ్వమ్మా!” ఆఫీసరుకి ఊపొచ్చింది. ఫొటోని అందరికీ తిప్పి చూపించాడు. “చూడండి, పైపు ఎక్కడికి పోయిందో! పూలకుండీల్లోకి! వరసంతా కుండీలే! గొంతు తడుపుకోడానికి చుక్క లేదని ఏడుపు, మొక్కలకి మాత్రం ట్యాంకరు నీళ్లు! సిగ్గులేదూ మీకు?”

ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. వాళ్ల వాడలో కాలు పెట్టడానికే చోటు లేదు, ఇంక కుండీ ఎక్కడ పెడతారు?

“నలుగురి నీళ్లు ఒక్క ఇంటికి మళ్లించుకునేవాడు మనిషేనా? దొంగ!” ఆఫీసరు బల్ల గుద్దాడు. “ఏ ఇల్లిది? చెప్పు పాపా, భయపడకు. ఇందరి ముందు మాటిస్తున్నా, ఈ రోజే కేసు పెట్టిస్తా!”

గుండుసూది తల్లివైపు చూసింది.

తల్లి మొదటిసారి తలెత్తి ఆఫీసరు మొహంలోకి చూసింది. పిల్ల రెక్క వదిలేసింది.

“చెప్పెయ్యవే,” అంది.

“మీ ఇల్లే సార్.”